హార్మోనియం దారి, చెక్కల దారి

కరెంటు గిటారు తీగను మీటితే ఆ స్వరాన్ని యాంప్లిఫయర్ పట్టుకుని సాగదీస్తుంది. మామూలు గిటారు మీద అదే స్వరం క్షణాల్లో ఆరిపోతుంది. సాగే స్వరాల మీదే ఏళ్ల తరబడి పాటలు కట్టిన హార్డ్ రాక్ బ్యాండు, ఒకరోజు కరెంటు గిటార్లు పక్కన పెట్టి కూర్చుంటే ముందుగా ఎదురయ్యేది ఆ ఖాళీయే. దాన్ని ఏం చేశారన్నదాన్ని బట్టే అలాంటి కచేరీ విలువ కట్టాలి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పెరిగిన చెవికి ఇది కొత్త చిక్కు కాదు. పౌరాణిక నాటకంలో పద్యం చివర రాగం తీస్తున్నప్పుడు నటుడు గుక్క తిప్పుకున్నా హార్మోనియం శ్రుతి తెగనివ్వదు. చెక్కభజనలో ఆ ఆసరా ఉండదు. చెక్క మోగిన మరుక్షణమే ఆగిపోతుంది. మళ్లీ కొట్టాలి, అడుగు దానితో పడాలి, గురువు అందించిన చరణాన్ని అందరూ అందుకోవాలి. 1885లో సురభి నాటకం పుట్టిన జిల్లా మాది. హార్మోనియం మీద నాకు మమకారం ఎక్కువే. అయినా స్కార్పియన్స్, కిస్ బ్యాండ్లు కరెంటు గిటార్లు పక్కన పెట్టి చేసిన రెండు కచేరీల విషయంలో నా ఓటు చెక్కలకే.

జర్మనీలోని హానోవర్‌లో 1965లో మొదలైన స్కార్పియన్స్ హార్మోనియం దారి పట్టారు. 2001 ఫిబ్రవరిలో లిస్బన్‌లోని పాత కాన్వెంటు భవనంలో రికార్డు చేసిన 'అకూస్టికా'లో చెల్లో, కీబోర్డు, అదనపు తాళవాద్యాలు, వెనక పాడే అమ్మాయిలు ఉన్నారు. ఖాళీ అన్నది కనిపించదు. 'ఆల్వేస్ సమ్‌వేర్' లాంటి నెమ్మది పాటకు ఈ నిండుదనం బాగా అమరింది. క్లౌస్ మైనె గొంతు 1980ల మొదట్లో పూర్తిగా దెబ్బతిని, శస్త్రచికిత్స దాకా వెళ్లింది. ఆ గొంతే యాభై దాటాక ఇంత తేటగా పలకడం గొప్ప సంగతి. 'రాక్ యూ లైక్ ఎ హరికేన్' మాత్రం దూకుడు పోగొట్టుకుని హాయిగా తలాడించే పాటగా మిగిలింది. 'విండ్ ఆఫ్ చేంజ్' మొదటినుంచీ ఈలతో, మెల్లగా నడిచే పాటే. కరెంటు తీసేసినందువల్ల దానికి కొత్తగా ఒరిగిందేమీ లేదు.

న్యూయార్క్ బ్యాండు కిస్ కథ వేరు. ముఖాలకు రంగులు, మంటలు, బాంబుల మోతలతో పేరు తెచ్చుకున్నవాళ్లు 1995 ఆగస్టు 9న ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే టీవీ కార్యక్రమం కోసం రంగుల్లేని ముఖాలతో కూర్చున్నారు. 'ష్యూర్ నో సమ్‌థింగ్' 1979లో డిస్కో గాలి సోకిన పాట. ఇక్కడ గిటార్ల తట్టు, కలిసి పాడే గొంతులే దాన్ని నడిపించాయి. తీగ ఆగిపోయేలోపు చెయ్యి మళ్లీ పడుతూనే ఉంటుంది. ఇన్నాళ్లూ హోరు కింద పడి ఉన్న పాట కట్టు ఇప్పుడు వినిపించింది. చివర్లో పాత సభ్యులు ఏస్ ఫ్రేలీ, పీటర్ క్రిస్ వచ్చి కలిశారు. తొలినాటి నలుగురు సభ్యులూ వేదిక మీద కలిసి వాయించి అప్పటికి పదిహేనేళ్లు దాటింది. క్రిస్ 'బెత్' పాడాడు. 1976 నాటి రికార్డులో ఆ పాటకు పియానో, ఆర్కెస్ట్రా ఉన్నాయి. ఇక్కడ గిటార్లే. గొంతులో గరుకు దాగలేదు, దాచే ప్రయత్నమూ జరగలేదు. ఇంటికి ఆలస్యంగా వస్తానని భార్యకు చెప్పుకునే మనిషి పాట అది. దానికి ఆ గరుకే నప్పింది.

కిస్ కచేరీలో లోపాలు లేవని కాదు. కొన్ని పాటల్లో గొంతులు శ్రుతి అంచున తూలాయి. స్కార్పియన్స్ దగ్గర అలాంటి చోటు దొరకడం కష్టం. పనితనం ఒక్కటే కొలతైతే లిస్బన్ కచేరీదే పైచేయి. కానీ దాంట్లో పాత పాటలు కొత్త బట్టలు కట్టుకున్నాయంతే. న్యూయార్క్‌లో జరిగిన కిస్ కచేరీలో, పాత సభ్యులిద్దరితో కలిపి ఆరుగురూ 'రాక్ అండ్ రోల్ ఆల్ నైట్' ఎత్తుకున్నప్పుడు, అది మొదటినుంచీ అందరూ కలిసి పాడుకోవడానికి కట్టిన పాటేనని తేలిపోయింది. ఆ సాయంత్రం కుదిరిన కలయికే మరుసటి ఏడాది, 1996లో, పాత నలుగురి యాత్రకు దారి తీసింది. యాత్రలో మళ్లీ రంగులు, మంటలు, పూర్తి హోరు. రెండూ వెంటవెంటనే వింటే ఆ హోరులోనూ పాట కట్టును చెవి పట్టుకోగలుగుతుంది. 'అకూస్టికా' విన్నాక స్కార్పియన్స్ పాత రికార్డుల దగ్గరికి వెళ్తే నాకు అలాంటి లాభం కలగలేదు.