క్రమశిక్షణ, శిక్ష: పెంపక పరిశోధన తెలుగువారికి చేరే తీరు

పిల్లల పెంపకంపై జరిగిన పరిశోధన జనసామాన్యానికి చేరే క్రమంలో ఆ పరిశోధన ఎవరిపై, ఎక్కడ జరిగిందన్న వివరం తరచుగా జారిపోతుంది. హైదరాబాదు హైటెక్ సిటీ పరిసరాలను దృష్టిలో ఉంచుకొని ఈ నష్టాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల ఉద్యోగ దంపతులకు పెంపక జ్ఞానం పాఠశాలల సదస్సులు, పత్రికా శీర్షికలు, ఫోన్‌లోని వీడియోల ద్వారా అందుతున్నది. వాటిలో వినిపించే పెంపక శైలుల వర్గీకరణకు మూలం డయానా బామ్‌రిండ్ 1960లలో అమెరికాలోని బర్క్‌లీలో చేసిన అధ్యయనాలు. ఆమె చెప్పిన ‘అథారిటేరియన్’ శైలి ప్రశ్నకు తావివ్వని ఆజ్ఞ. ‘అథారిటేటివ్’ శైలి కారణం చెప్పి, ఆప్యాయతతో అమలుపరచే నియమం. రెండింటినీ ‘అధికార’ శబ్దంతోనే అనువదిస్తే సిద్ధాంతానికి ఆధారమైన భేదమే చెరిగిపోతుంది. ‘ఆజ్ఞాబద్ధ’, ‘హేతుబద్ధ’ అన్న పదాలు దానిని కొంతవరకు నిలుపగలవు. ఈ వర్గీకరణ చైనా సంతతి కుటుంబాలకు యథాతథంగా సరిపోదని రూత్ చావో 1994లో వాదించారు. సిద్ధాంతాన్ని పరిచయం చేసేవారు ఆ ఆక్షేపణను కూడా చెప్పాలి.

తెలుగు నేలపైనే సేకరించిన ఆధారాలూ ఉన్నాయి. బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం (సెస్) భాగస్వామిగా ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుండి నాటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను అనుసరించింది. దాని ఆధారంగా యునిసెఫ్ 2015లో ప్రచురించిన పత్రం ప్రకారం, ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం మంది అంతకుముందు వారంలో ఉపాధ్యాయుల చేత దెబ్బలు తిన్నామని చెప్పారు. పాఠశాలల్లో శారీరక దండనను విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ నిషేధించింది. అయితే ఈ నమూనా పేద ప్రాంతాలకు ప్రాధాన్యమిచ్చి ఎంపిక చేసినది. దీనిని ఐటీ ఉద్యోగుల ఇళ్లకు నేరుగా అన్వయించరాదు. బర్క్‌లీ ఫలితాలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

భాష మరొక చిక్కు తెస్తుంది. సంస్కృతంలో ‘శిక్ష’ అంటే నేర్పు. ఒక వేదాంగానికి అదే పేరు. తెలుగు వాడుకలో అది దండన. ‘శిక్షాస్మృతి’ అందుకు సాక్ష్యం. ‘క్రమశిక్షణ’లో రెండర్థాలూ ధ్వనిస్తాయి. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో 1,60,000 మందికి పైగా పిల్లల సమాచారాన్ని సమీక్షించి, కొట్టడానికీ ప్రతికూల ఫలితాలకూ సంబంధం ఉందని చూపారు. అది దండనపై వచ్చిన ఫలితమే. నియమాలు అక్కరలేదన్న తీర్పు కాదు. పైగా సంబంధం ఉన్నంత మాత్రాన కారణం రుజువు కాదు. ఈ తేడాలు చెప్పకపోతే తల్లిదండ్రుల ముందు కొట్టడం, పూర్తిగా వదిలేయడం అన్న రెండు దారులే మిగులుతాయి.

కనుక పరిశోధనను తెలుగులో పరిచయం చేసేవారు నమూనా, స్థలం, కాలం తెలపాలి. సంబంధాన్నీ కారణాన్నీ వేరుచేయాలి. దండనకు ‘దండన’ అనే పేరే వాడాలి. ఈ పారిభాషిక పదాలను స్థిరపరచడం విశ్వవిద్యాలయాల తెలుగు, మనోవిజ్ఞాన శాఖలు కలిసి చేపట్టవలసిన పని.