లోతు బిగించే కిటికీ

గోలీ సోడా తాగినవాళ్లకు ఆ బుడ్డి మెడలోని కిటుకు గుర్తుండే ఉంటుంది. లోపలి గ్యాసు గోలీని పైకి నెట్టి రబ్బరు రింగుకు అదిమి పడుతుంది. గ్యాసు ఎంత బలంగా ఉంటే గోలీ అంత గట్టిగా బిగుసుకుంటుంది. సముద్రగర్భానికి మనుషులను తీసుకెళ్లే వాహనాల కిటికీలు కూడా ఈ కిటుకు మీదే నిలబడ్డాయి. కాకపోతే అక్కడ నెట్టేది బయటినుంచి సముద్రం.

నీటిలో ప్రతి పది మీటర్లకూ చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. 6,000 మీటర్ల దగ్గర బొటనవేలి గోరంత చోట ఆరు క్వింటాళ్లు. మనుషులు కూర్చునే గోళాన్ని ఉక్కుతోనో టైటానియంతోనో మందంగా చేసుకోవచ్చు. చిక్కంతా చూడటానికి దానికి పెట్టే కన్నం దగ్గరే.

1930లో విలియం బీబ్, ఓటిస్ బార్టన్ బెర్ముడా దగ్గర తీగకు వేలాడదీసిన ఉక్కు గోళంలో దిగినప్పుడు, కిటికీలకు మూడంగుళాల మందం, ఎనిమిదంగుళాల వెడల్పు ఉన్న క్వార్ట్జ్ బిళ్లలు వాడారు. 1932లో మనుషులు లేకుండా దింపి చూస్తే, కిటికీ పక్కనుంచి నీరు కారి గోళం నిండిపోయి పైకి వచ్చింది. తలుపు బోల్టు విప్పుతుంటే అది ఫిరంగి గుండులా దూసుకుపోయింది. అయినా వాళ్లు ఆగలేదు. 1934 ఆగస్టు 15న 3,028 అడుగులకు దిగారు.

క్వార్ట్జూ గాజూ గట్టివే, కానీ పెళుసు. కూర్చున్న చోట చిన్న మిట్ట ఉన్నా బరువంతా ఆ ఒక్క బిందువు మీద పడి, ముందుగా ఏ సూచనా లేకుండా పగిలిపోతాయి. ఈ చిక్కు విప్పినవాడు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అగస్త్ పికార్. అంతకుముందు బెలూన్‌లో ఆకాశపు అంచులకు ఎగిరిన మనిషి. 1948లో పరీక్షించిన తన వాహనానికి ఆయన అక్రిలిక్‌ను ఎంచుకున్నాడు. మన బజారులో షాపుల నేమ్‌బోర్డులకు వాడే పదార్థమే అది. గాజు కన్నా మెత్తన, సులువుగా గీతలు పడుతుంది. ఆ మెత్తదనమే ఇక్కడ కావలసింది. మిట్ట తగిలిన చోట అక్రిలిక్ కొంచెం ఒదిగి, బరువును చుట్టూ పంచేస్తుంది.

ఇక ఆకారం. పికార్ కిటికీ కొన తెగ్గోసిన శంకువు. వెడల్పు ముఖం సముద్రం వైపు, ఇరుకు ముఖం మనిషి వైపు. గోళంలో కూడా అదే వాలుతో గూడు తొలుస్తారు. నీరు నెట్టేకొద్దీ కిటికీ ఆ గూట్లోకి ఇంకా బిగుస్తుంది. ఆయనే తర్వాత రూపొందించిన ట్రియెస్ట్ వాహనం కిటికీనే చూడండి. బయట 40 సెంటీమీటర్లు, లోపల 10 సెంటీమీటర్లు, మందం 15. 1960 జనవరి 23న ఆయన కొడుకు జాక్ పికార్, డాన్ వాల్ష్ అందులో పసిఫిక్‌లోని ఛాలెంజర్ డీప్ అడుగుకు, దాదాపు 10,900 మీటర్ల లోతుకు చేరినప్పుడు, దాని బయటి ముఖం మీద పడిన బరువు లెక్కేస్తే 1,300 టన్నుల పైనే. అంత బరువును ఆపుకుంటూ అరచేయంత కన్నంలోంచి వెలుగును లోపలికి రానిచ్చింది. దిగేటప్పుడు పెద్ద చప్పుడు వినిపించింది. పగిలింది గోళం కిటికీ కాదు, పైనున్న ప్రవేశ సొరంగంలోని మరో అక్రిలిక్ పలక.

పనితనమంతా గూడు దగ్గర ఉంటుంది. ఒత్తిడికి కిటికీ లోపలికి కొద్దిగా జారుతుంది. గూడు వాలు కిటికీ లోపలి అంచు దగ్గరే ఆగిపోతే, జారిన అంచుకు ఆధారం పోయి అక్కడే చీలిక మొదలవుతుంది. అందుకే ఆ వాలును ఇంకొంచెం లోపలికి సాగదీసి ఉంచుతారు. గూటిని నునుపు చేసి, గ్రీజు పూసి కిటికీని కూర్చోబెడతారు. రబ్బరు రింగు పని పైపైన ఉన్నంతసేపే. లోతుకు వెళ్లాక సముద్రమే సీలు వేస్తుంది. కోత పెట్టిన అక్రిలిక్‌ను ఓవెన్‌లో వేడిచేసి, చాలా నెమ్మదిగా చల్లారుస్తారు. కోతతో లోపల పుట్టిన బిగువు అలా విడిపోతుంది. అసిటోన్ లాంటివాటితో తుడిస్తే వెంట్రుక సన్నని చీలికలు పుడతాయి కాబట్టి మృదువైన సబ్బునీళ్లే వాడాలి. అక్రిలిక్ చాలాసార్లు తన ఇబ్బందిని ఆ సన్నని గీతలతోనో లోపలి ముఖం ఉబ్బుతోనో ముందే చెబుతుంది. చూసి అర్థం చేసుకునే కన్ను ఉండాలి, అంతే.

ఈ విద్యను కొలతల్లోకి తెచ్చినవాడు అమెరికా నౌకాదళ ఇంజినీరు జెర్రీ స్టాకివ్. ఏళ్ల తరబడి నమూనా కిటికీలను ప్రెషర్ ట్యాంకుల్లో పెట్టి, పగిలేదాకా ఒత్తి, ఏ మందం ఏ లోతుకు ఎంతకాలం ఆగుతుందో రాసిపెట్టాడు. 1977లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం తెచ్చిన నిబంధనలకు ఆ పరీక్షలు పునాది. అక్రిలిక్ కిటికీల ఆయుష్షుకు వాటిలో ఒక గడువు పెట్టారు. బాగానే కనిపిస్తోందని ఆ గడువును తేలిగ్గా తీసుకోకూడదనే నా పట్టుదల. నిబంధనల వెనుక పగిలిన కిటికీల లెక్క ఉంది.

1977లోనే గలాపగోస్ దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతున, ఆల్విన్ అనే వాహనం కిటికీల్లోంచి చూసిన శాస్త్రవేత్తలకు వేడినీటి ఊటల చుట్టూ కిక్కిరిసిన జీవులు కనిపించాయి. సూర్యరశ్మి చేరని చోట అంత జీవం ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురిని 6,000 మీటర్లకు దింపడానికి మత్స్య 6000ను తయారు చేస్తోంది. దాని టైటానియం గోళం గురించి పత్రికలు చాలా రాశాయి. అది దిగే రోజు టీవీలో చూస్తే, ఆ గోళానికి ఉన్న కిటికీలను కూడా ఒకసారి గమనించండి.