పురుషోత్తపురం దాటడానికి నలభై ఏళ్లు

ఇంట్లో సినిమా చూడటం గురించి నా పట్టుదల ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. ఏం చూడాలో అన్నాలకు ముందే తేలిపోవాలి. వారానికొకరి వంతు. ఎవరి వంతైతే వాళ్ల మాటే చెల్లాలి, మొదటి అరగంట రిమోట్ ఎవరూ ముట్టకూడదు. పోయిన శనివారం వంతు బరంపురంలో చదువుతున్న మా మేనకోడలిది. అయినా తలో మాటా అనేసరికి రిమోట్ చేతులు మారుతూనే ఉంది. ట్రైలర్లతోనే పదయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

వీడియో రోజుల్లో ఈ గోల లేదు. ఎనభైల్లో ఇచ్ఛాపురంలో మా వీధిలో పెళ్లయినా, పండగయినా ఆ రాత్రికి టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చేవారు. అరుగు మీద టీవీ, వీధి పొడుగునా చాపలు, కాల్చిన జీడిపిక్కలు కొట్టుకుంటూ జనం. ముందు పెద్దవాళ్ల కోసం ‘శంకరాభరణం’. సోమయాజులు మన జిల్లా లుకలాంలో పుట్టినవాడని మా తాతయ్య ప్రతిసారీ ఎవరో ఒక కొత్త చుట్టానికి చెప్పేవారు. తర్వాత కుర్రాళ్ల ‘ఖైదీ’. మూడోది కొట్టువాడి ఇష్టం. మధ్యలో బొమ్మ మీద చారలొస్తే, అద్దె సామానుతో వచ్చిన కుర్రాడు మూత విప్పి, దూదికి స్పిరిట్ అద్ది హెడ్ తుడిచేవాడు. ఆ రెండు నిమిషాలూ వీధంతా ఊపిరి బిగబట్టేది. ఇది వద్దు, అది పెట్టు అన్నవాళ్లు లేరు. ఇచ్చింది చూశాం, చూసింది నెలల తరబడి చెప్పుకున్నాం.

ఆ మాటే ఇంట్లో గట్టిగా అన్నాను. మేనకోడలు జవాబివ్వకుండా వాళ్ల మేడమ్ చెప్పిన సినిమా ఒకటి వెతికి పెట్టింది. నీరద్ మహాపాత్ర 1984లో తీసిన ఒడియా చిత్రం ‘మాయా మిరిగ’. ఆయన తీసిన కథాచిత్రం అదొక్కటే. కాపీ మసకగా ఉంది, నడక నింపాది. పావుగంటలో లేచిపోతారనుకున్నాను.

ఎవరూ లేవలేదు. పూరీలో ఒక హెడ్‌మాస్టరు ఇల్లు. ఆయన రిటైరవుతాడు. పెద్దకొడుకు లెక్చరరు, రెండోవాడు ఐఏఎస్‌కి ఎంపికై పెద్దింటి పిల్లను చేసుకుంటాడు. ఇంటిల్లిపాది చాకిరీ పెద్దకోడలి మీద. విలన్ లేడు, కేకల్లేవు. ఇల్లు మాత్రం విడిపోతూ ఉంటుంది. ఒడియా బాగా వచ్చిన మా అమ్మ మధ్యలో ఒక్క మాట అంది: “ఆ కోడలు పిల్లని ఒక్కపాలైనా కూకోనిచ్చారేటర్రా?” మా వదిన అమ్మ వైపు చూసింది. మా ఇంట్లో ఆ మాట ఎవరైనా పైకి అనడం నేను వినడం అదే మొదలు.

రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే తట్టింది. ఆ కొట్టువాడు ఎన్నేళ్లు తెచ్చినా ఈ సినిమా తెచ్చేవాడు కాదు. బరంపురం మాకు బస్సులో గంట లోపే. సగం చుట్టరికాలు అక్కడే, సంత బేరాలు ఒడియాలోనే. తీసిన ఏడాదే కాన్ చిత్రోత్సవం క్రిటిక్స్ వీక్‌కి వెళ్లిన చిత్రం, సరిహద్దులోని పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటి మా వీధికి రావడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది. అందరూ అడిగిందే అరుగెక్కింది. నాకు చిరాకు తెప్పించే ఈ అంతులేని జాబితాలో, ఎవరూ అడగని సినిమా కూడా ఎక్కడో అడుగున పడుంటోంది. పేరు పెట్టి అడిగే మనిషి ఒక్కరుంటే చాలు, పైకి వస్తుంది.

మా ఉద్దానంలో ఈ కథ చూడాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి. 2018లో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూల్చేశాక వలస ఇంకా పెరిగింది. పెద్ద ఇళ్లలో ఇద్దరేసి ముసలివాళ్లు మిగిలారు. ‘మాయా మిరిగ’ను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించింది, 2024లో ఇటలీలోని బొలోన్యాలో వేశారు. బరంపురంలోనో శ్రీకాకుళంలోనో సినిమా క్లబ్బు నడిపేవాళ్లు ఇది చదివితే, ఆ కొత్త కాపీ ఇచ్ఛాపురం తెప్పించండి. హాలు, కుర్చీలు నేను చూసుకుంటాను. ఒడియా రానివాళ్ల కోసం మాటలు తెలుగులో రాసిపెట్టడానికి మా మేనకోడలు ఒప్పుకుంది.