హిమానీనదములు – కృష్ణా డెల్టా

వాతావరణపు మార్పులను గూర్చి నేడు పాఠశాలలలో చెప్పబడుచున్న పాఠములలోను, జనరంజకముగా వ్రాయబడు వ్యాసములలోను ఒక గొలుసు తరచుగా కనబడును. భూమి వేడెక్కుచున్నది, కొండలపై హిమానీనదములు కరగుచున్నవి, అందుచే నదులు ఎండిపోవును, నదులు ఎండినచో తీరమందలి మడ అడవులు, చేపలు, రొయ్యలు నశించును. ఈ గొలుసులోని ప్రతి లంకెకును ప్రపంచములో ఎక్కడో ఒకచోట నిజమున్నది. అయినను చెరుకుపల్లిలో పదవ తరగతి చదువు విద్యార్థి దీనిని చదివి, తన ఊరి పొలములకు నీరిచ్చు కాలువను తలచుకొన్నచో గొలుసు మధ్యలోనే తెగిపోవును. ఆ కాలువలో హిమానీనదపు నీరు ఒక్క చుక్కయు లేదు.

కృష్ణానది మహారాష్ట్రములో మహాబలేశ్వరము వద్ద, సముద్రమట్టమునకు సుమారు 1,300 మీటర్ల ఎత్తున పుట్టుచున్నది. సహ్యాద్రిపై హిమానీనదములు లేవు. 2,58,948 చదరపు కిలోమీటర్ల కృష్ణా పరీవాహక ప్రదేశమంతయు వర్షాధారమే. హిమాలయ నదులకు మంచునీరు కూడ కలదనియు, ద్వీపకల్ప నదులకు వానయే ఆధారమనియు భూగోళ పాఠములో నేర్చిన విద్యార్థికే, మరియొక పాఠములో హిమానీనదములు కరగిన మన నదులన్నియు ఎండునని చెప్పుట విచిత్రము. రెండు పాఠములను వ్రాసినవారు ఒకరినొకరు చూచుకొనలేదని తోచును.

(తెలుగుదేశములో హిమానీనదములు ఎన్నడును లేవని మాత్రము అనుకొనరాదు. సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట గోండ్వానా ఖండము మంచుతో కప్పబడియుండెను. ఆ మంచు మోసికొనివచ్చి విడిచిన రాళ్ళు గోదావరి లోయలో, బొగ్గు పొరల అడుగున, తాల్చేరు శిలలలో నేటికిని కానవచ్చును. సింగరేణి ప్రాంతపు ఉపాధ్యాయులు వీనిని విద్యార్థులకు చూపవచ్చును.)

హిమాలయముల విషయములోనైనను ఈ వ్యాసములు చెప్పునది సరిగా నున్నదా? ఇచ్చట ఒక ప్రసిద్ధమైన గ్రంథమునే విమర్శింపవలసియున్నది. వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర ప్రభుత్వ సంఘము 2007లో ప్రకటించిన నాల్గవ నివేదిక రెండవ సంపుటములో, కరగుట ఇట్లే సాగినచో హిమాలయములలోని హిమానీనదములు 2035 నాటికో, అంతకు ముందో అదృశ్యమగుట కెంతయో అవకాశము కలదని వ్రాయబడినది. ఆ వెంటనే వాని వైశాల్యము 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుండి 1 లక్షకు తగ్గునని యున్నది. పూర్తిగా అదృశ్యమగునవి లక్ష చదరపు కిలోమీటర్లు ఎట్లు మిగులును? పైగా హిమాలయ, కారకోరములు రెంటిని కలిపినను అచ్చటి హిమానీనదముల వైశాల్యము సుమారు 40 వేల చదరపు కిలోమీటర్లే. 5 లక్షల అంకె 1996 నాటి ఒక నివేదికలోనిది. అది ధ్రువప్రాంతములు గాక ప్రపంచమందలి తక్కిన హిమానీనదము లన్నిటికి సంబంధించినది. అందు చెప్పిన సంవత్సరము 2350. 2035 అను సంవత్సరము మాత్రము 1999లో ఒక బ్రిటిష్ విజ్ఞాన వారపత్రికలో వచ్చిన వార్త నుండి 2005లో ఒక వన్యప్రాణి సంరక్షణ సంస్థ నివేదికకు, అచ్చటనుండి ఈ గ్రంథమునకు ప్రాకినది. 2010 జనవరిలో సంఘము ఈ వాక్యములకు ఆధారము చాలదని ఒప్పుకొన్నది.

దీనిని పట్టుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. తరగతి గదిలోని గుణకారము చాలును. పాత గూఢచారి ఉపగ్రహముల ఛాయాచిత్రములను క్రొత్త చిత్రములతో పోల్చి 2019లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన లెక్క ప్రకారము, 2000–2016 మధ్య హిమాలయ హిమానీనదములు సగటున ఏటికి 43 సెంటీమీటర్ల నీటికి సమానమైన మంచును కోల్పోయినవి. 2007 నుండి 2035 వరకు 28 సంవత్సరములు. ఈ చొప్పున తరుగునది సుమారు 12 మీటర్ల నీరు. గంగోత్రివంటి పెద్ద హిమానీనదముల మందము నూరు మీటర్లకు పైబడినది.

అయితే 2010 తరువాత బయలుదేరిన రెండవ వర్గమువారి వాదమును కూడ అంగీకరింపజాలము. ఒక సంవత్సరము తప్పైనంత మాత్రమున కరగుటయే అబద్ధమని వారనిరి. పై లెక్కలోనే వారికి సమాధానమున్నది: 1975–2000 మధ్య నష్టము ఏటికి 22 సెంటీమీటర్లే; అది తరువాత ఇంచుమించు రెట్టింపైనది. అంకెను పరీక్షింపక భయపడిన వానికిని, అంకెను పరీక్షింపక నవ్విన వానికిని భేదము కొంచెమే.

ఇక నదులు ఎండుట. 2010లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము, పల్లపు ప్రాంతములలో పుట్టు నీటితో పోల్చగా కొండలపై కరగు మంచునీరు సింధునదికి ఒకటిన్నర రెట్లు, బ్రహ్మపుత్రకు నూటికి 27 వంతులు, గంగకు సుమారు 10 వంతులు. కావున సింధు తీరమువారి భయము వేరు, గంగాతీరమువారి భయము వేరు. మరియు మంచు కరగు మొదటి దశలో నదిలో నీరు తగ్గదు, పెరుగును. కొన్ని దశాబ్దములకు హెచ్చుస్థాయిని చేరి అటుపిమ్మట తగ్గును. ఈలోగా కొండలపై కరగిన నీటితో ఏర్పడు చెరువులు గండిపడి ఆకస్మిక వరదలు వచ్చును. 2023 అక్టోబరులో సిక్కిములో లోనాక్ చెరువు తెగి తీస్తానదిపై చుంగ్‌థాంగ్ ఆనకట్ట కొట్టుకొనిపోయినది.

మరి చెరుకుపల్లికి హిమానీనదములతో సంబంధమే లేదా? ఉన్నది, కాని అది నదివైపునుండి గాక దక్షిణముగా నిజాంపట్టణము వైపునుండి, సముద్రముద్వారా వచ్చును. నేలపైనున్న మంచు కరగి సముద్రమున కలసినచో మట్టము పెరుగును. నీటిపై తేలు మంచు కరగినచో దాదాపు పెరుగదు. ఈ భేదమును రెండు గాజు గ్లాసులతో చూపవచ్చును: ఒకదానిలో మంచుగడ్డను నీటిపై తేలనిచ్చి, రెండవదానిలో నీటికి పైగా నుండునట్లు రాతిపై నిలిపి, రెంటను నీటిమట్టమును గుర్తింపుడు. 1901–2018 మధ్య ప్రపంచ సముద్రమట్టము 20 సెంటీమీటర్లు పెరిగినది. 1971 తరువాతి పెరుగుదలలో సుమారు సగము నీరు వేడెక్కి వ్యాకోచించుటవలననే. హిమానీనదముల వంతు నూటికి 22. ఆ నీరు అలాస్కాదైనను, ఆండీస్ పర్వతములదైనను నిజాంపట్టణము రేవుకు ఒకటే.

తీరము నిలుచుటకు సముద్రమట్టమొక్కటే చాలదు, నేలమట్టము కూడ చూడవలయును. డెల్టా మెత్తని ఒండ్రుతో ఏర్పడినది. తన బరువుచే తాను కొంచెముగా క్రుంగుచుండును. ఏటేట వరద తెచ్చు క్రొత్త ఒండ్రు ఆ లోటును పూడ్చును. కృష్ణ ఆ పని చేయుచున్నదా? ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రకటించిన పరిశోధనలో ఈ వ్యాసకర్తలందరు చదువదగిన అంకె యున్నది. 1966–69 కాలములో కృష్ణ ఏటికి సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చుచుండగా, 2000–2005 నాటికి అది సుమారు 4 లక్షల టన్నులకు దిగినది, అనగా ఇరువదవ వంతు కూడ కాదు. మిగిలిన ఒండ్రు శ్రీశైలము, నాగార్జునసాగరము మొదలగు జలాశయముల అడుగున చేరుచున్నది. 2009లో ప్రపంచమందలి 33 డెల్టాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు కృష్ణా డెల్టాను మిక్కిలి అపాయములోనున్న వానిలో చేర్చిరి.

ఆనకట్టలను నిందించుట నా ఉద్దేశము కాదు. 1855 నాటి ఆనకట్టయు, 1957 నాటి ప్రకాశం బారేజియు లేనిచో తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో నేటి వరిపంట లేదు. కాని లెక్కలో రెండు ప్రక్కలు వ్రాయవలయును. 2001–2004 నాటి వర్షాభావములో కృష్ణనుండి సముద్రమునకు చేరిన నీరు అత్యల్పము. మడచెట్టు ఉప్పునీటికి ఓర్చునేగాని దానికిని ఏటికొకసారి మంచినీరు, క్రొత్త బురద కావలయును. సముద్రము పెరిగినచో మడ అడవి సహజముగా లోపలికి జరుగును. వెనుక రొయ్యల చెరువుల గట్లున్నచోట జరుగుటకు తావులేదు. మడవేళ్ళ మధ్య పెరుగు పీతలకు, చేపపిల్లలకు అప్పుడు వేరు నెలవు దొరకదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనవంటిది మరల వచ్చినచో ఊళ్ళకును, కెరటమునకును మధ్య అడ్డుగా నిలుచునది ఆ అడవియే.

మన పాఠముల రచయితలు గంగోత్రి చిత్రమును తీసివేయనక్కరలేదు. దాని ప్రక్కనే నిజాంపట్టణము తీరపు పాత సర్వే పటమును, నేటి ఉపగ్రహ చిత్రమును ఒకే కొలతలో అచ్చువేయింపవలయును. ఉపాధ్యాయులు ఆగస్టులో ఒక సీసాడు కాలువనీరు తెచ్చి తరగతిలో కదపకుండ రెండు దినములుంచి, అడుగున పేరిన ఒండ్రును కొలిపింపవచ్చును. ప్రతి సంవత్సరము అదే వారమున, అదే తూము వద్ద నీరు పట్టవలయును.