క్యారియర్‌కు కరెంటు, నీటికి దారి

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కే బళ్ళలో కప్పు మీద క్యారియర్ ఉన్నవి చాలా కనిపిస్తాయి. సంతలకు తిరిగే జీపుల మీద పసుపు, అల్లం, రాజ్మా బస్తాలుంటాయి. వంజంగి మబ్బులు చూడటానికొచ్చే కార్ల మీద టెంట్లూ పెట్టెలూ ఉంటాయి. చీకట్లో సరుకు దించుకోవడానికో, టెంటు వేసుకోవడానికో ఆ క్యారియర్‌కు ఒక లైటు కావాలనుకోవడం న్యాయమైన కోరికే. చిక్కల్లా ఆ లైటుకు కరెంటు తీసుకెళ్ళే వైరుతోనే. లైటు ఎంపికకు పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా దానికి దక్కదు. ఏదో దారిన పైకి లాగి, రెండు కొసలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేస్తారు. మొదటి వానాకాలం దాటకముందే లైటు మిణుకుమంటుంది. సీలు చాలలేదనుకుని ఇంకో చుట్టు టేపు వేస్తారు, లేదా ఇంకా ఖరీదైన కప్లర్ కొంటారు. అసలు లోపం అక్కడ లేదని నా వాదన. నీటిని పూర్తిగా ఆపేస్తామన్న నమ్మకంతో చేసిన వైరింగు ఎంత బిగువుగా ఉన్నా చెడుతుంది. నీరు వస్తుందని ముందే ఒప్పుకుని, అది జారిపోయేలా చేసిన వైరింగు ఏళ్ళ తరబడి పనిచేస్తుంది.

ఘాట్ రోడ్డే దీనికి సాక్ష్యం. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఒకప్పుడు ఎత్తైనదిగా పేరుపొందిన శిమిలిగుడ సముద్రమట్టానికి 996 మీటర్ల పైన ఉంది. ఆ ఎత్తులో గాలి పీడనం విశాఖ తీరంలో కంటే దాదాపు పదో వంతు తక్కువ. మూతలన్నీ బిగించిన లైటు డబ్బాలోంచి కొండ ఎక్కేటప్పుడు కంటికి కనబడని సందుల గుండా కొంత గాలి బయటికి పోతుంది. దిగేటప్పుడు అదే సందుల్లోంచి తిరిగి లోపలికి వస్తుంది. ఆ సమయానికి బయట వాన పడుతుంటే గాలితో పాటు నీరూ వస్తుంది. వేడి కూడా ఇదే పని చేస్తుంది. లోపల 70 డిగ్రీలకు కాగిన లైటు మీద చల్లటి వాన పడి 20 డిగ్రీలకు దిగిందంటే, లోపలి గాలి పీడనం ఏడో వంతు దాకా పడిపోతుంది. అప్పుడు డబ్బా నీటిని పీల్చుకుంటుంది. ఎక్కడినుంచో కాదు, చాలాసార్లు వైరు లోపలినుంచే. సన్నటి రాగి పోగుల మధ్య సందుల్లో నీరు దానంతటదే పాకుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకపోయినా, కోసి చూస్తే లోపల జానెడు పొడవున పచ్చగా కిలుము పట్టి ఉండటానికి కారణం ఇదే. మంచి లైట్లు తయారుచేసేవాళ్ళు గాలి ఆడనిచ్చి నీటిని ఆపే పొరను డబ్బాకు ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమవుతుంది. ఐపీ67 అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండేవాళ్ళు ఆ పరీక్ష ఏమిటో తెలుసుకోవాలి. కొత్త వస్తువును మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఉంచి చూస్తారు. ఘాట్ గతుకుల అదురు, విశాఖ ఉప్పుగాలి, ఏటేటా ఊడదీసి బిగించడం ఆ పరీక్షలో లేవు.

అందుకని సీలు కన్నా ముందు వైరు దారి గీయాలి. బండి శరీరంలోకి వెళ్ళే ప్రతి చోటా వైరు ముందు ఆ రంధ్రం కన్నా కిందికి దిగి, వంపు తిరిగి, మళ్ళీ పైకి ఎక్కి లోపలికి పోవాలి. వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే బొట్టుగా రాలిపోతుంది. కొండ ఊళ్ళలో ఇంటి చూరు గోడను దాటి ఎందుకు ముందుకు వాలుతుందో ఇదీ అందుకే. రక్షణకు తొడిగే ముడతల గొట్టానికి అన్నిటికన్నా పల్లపు చోట చిన్న రంధ్రం ఉంచాలి. రెండు కొసలూ మూసిన గొట్టంలో చేరిన నీటికి ఇక బయటపడే దారి ఉండదు. క్యారియర్ ఊడదీసేది కాబట్టి వైరులో ఒక విడదీసే కప్లర్ తప్పదు. అది కప్పు మీద పడుకోకూడదు. క్యారియర్ వెనక కొస కింద, మూతి నేలవైపు ఉండేలా బిగించాలి. బ్యాటరీ వైపు సగానికి పిన్నులు బయటికి పొడుచుకు రాని ఆడ కప్లరే పెట్టాలి, లేకపోతే క్యారియర్ తీసిన రోజు కరెంటున్న పిన్ను రేకుకు తగులుతుంది. ఆ రోజుకు దానికొక మూత కూడా ఉండాలి. చాలామంది మరిచేది ఈ మూతనే. బండిలోకి దారి కోసం కొత్త రంధ్రం కొట్టనక్కర్లేదు. వెనక డోరుకు కంపెనీ వైర్లు వెళ్ళే రబ్బరు గొట్టం ఉంటుంది. కప్పు అంచున వాన కాలువ ఉన్న బళ్ళలో దాని వెంట ముందుకొచ్చి, అద్దం పక్కగా ఇంజను గదిలోకి దిగొచ్చు. డోరు రబ్బరు కింద నుంచి దూర్చేది ఒకటి రెండు రాత్రులకు పనికొస్తుంది, అంతకు మించి వద్దు. కొత్త కార్లలో కప్పు అంచు లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. వాటికి అడ్డంగా వైరు లాగితే, ప్రమాదంలో కాపాడాల్సిన సంచి తెరుచుకోవడానికి అడ్డొస్తుంది.

కరెంటు లెక్క చిన్నదే అయినా వదలకూడదు. 12 వోల్టుల మీద 100 వాట్ల లైటు ఎనిమిది ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. బ్యాటరీ నుంచి కప్పు వెనక దాకా 5 మీటర్లు, తిరుగు దారి మరో 5. షాపుల్లో ఒకటిన్నర స్క్వేర్ అనే వైరు వాడితే దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. నాలుగు స్క్వేర్ అయితే ఆ నష్టం మూడో వంతుకు కాస్త పైన ఆగుతుంది. క్యారియర్ కాళ్ళ కింద రబ్బరు, ఒంటి మీద పెయింటు ఉంటాయి గనక దాన్నే ఎర్త్‌గా నమ్ముకోకుండా తిరుగు వైరు వేరేగా వేయాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. బస్తాల రాపిడికి వైరు తొడుగు చిరిగిన రోజున బండిని నిప్పు నుంచి కాపాడేది అదే. నల్ల టేపు జిగురు ఎండకు కరిగి జారిపోతుంది కాబట్టి అతుకుల మీద లోపల జిగురున్న స్లీవు వేసి వేడి చేయాలి. తగరం పూసిన రాగి వైరు దొరికితే ఇంకా మంచిది. ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ మాత్రం వద్దు. దాన్నుంచి వెలువడే ఆమ్లం రాగిని తింటుంది.

కప్పుకు రంధ్రం చేసి మంచి గ్లాండు బిగిస్తే ఇంత చుట్టుదారి ఎందుకని అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు అడుగుతారు. ఎప్పటికీ తీయని క్యారియర్‌కు ఆ పద్ధతి సరైనదే, నేను కాదనను. ఊడదీసేదానికి కాదు. క్యారియర్ ఇంట్లో ఉన్నప్పుడు కూడా రంధ్రం బండి మీదే ఉంటుంది. దాని అంచున పెయింటు లేచిన చోట తుప్పు మొదలవుతుంది. కారిన నీటిని లోపలి సీలింగు గుడ్డ నెలల తరబడి దాచేస్తుంది కాబట్టి అది మన కంటపడేసరికి ఆలస్యమైపోతుంది. ఛార్జింగ్ లైట్లు చవగ్గా వస్తుంటే ఈ వైరెందుకన్నది ఇంకో ప్రశ్న, ఇది మరింత బలమైనది. ఏడాదికోసారి లంబసింగి వెళ్ళే కుటుంబానికి ఛార్జింగ్ లైటే మేలు, వైరు ఊసే అక్కర్లేదు. వారం వారం చీకట్లో సరుకు దించేవాళ్ళకు, కొండ మీద కరెంటు పోయిన రోజు ఛార్జింగు లేక ఆ లైటు చేతికి రాదు. వాళ్ళకు వైరు కావాలి.

ఒక హెచ్చరిక మాత్రం అందరికీ. ఈ లైటు బండి ఆగినప్పుడు వాడటానికే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 111వ నిబంధన రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా స్పాట్ లైట్ల వంటివి బిగించడాన్ని నిషేధిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, శీతాకాలం మంచులో కప్పు మీది వెలుగు డ్రైవరు కళ్ళ ముందరి తేమకే తగిలి వెనక్కి కొడుతుంది, రోడ్డు కనపడదు. మంచుకు పనికొచ్చే లైటు బంపరు దగ్గర, కిందుగా ఉండాలి.

ఇప్పటికే క్యారియర్‌కు వైరు వేయించుకున్నవాళ్ళు జూన్ వానలు పడకముందే ఒకసారి ఆ కప్లర్ విప్పి చూడండి. పిన్నుల దగ్గర పచ్చదనం కనిపిస్తే తుడిచి మళ్ళీ బిగించకండి. మెరిసే రాగి తేలేదాకా వైరు కోసి కొత్త కొస వేయించండి. వైరుకు కింది వంపు లేకపోతే అదే రోజు పెట్టించండి.