దాచుకోని విశ్వాసం

మన సభల్లో జాషువాను గురించి మాట్లాడే వక్తలను జాగ్రత్తగా వింటే ఒక సంగతి తెలుస్తుంది. 'గబ్బిలం' దగ్గరకు రాగానే గొంతు లేస్తుంది. పంచముడి ఆకలి, మూసిన గుడి తలుపులు, గబ్బిలం మోసుకుపోవలసిన మొర, కాశీలోని శివుడు, అన్నీ వరుసగా వస్తాయి. 1941 నాటి ఆ కావ్యాన్ని అంత శ్రద్ధగా వివరించిన వక్త ఆ తరువాతి ఇరవై ఏళ్ళను రెండంగల్లో దాటి, 1964లో కవికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చిందని చెప్పి కూర్చుంటాడు. ఏ కావ్యానికి వచ్చిందో చెప్పేవారు కొందరు. ఆ కావ్యంలో ఏమున్నదో చెప్పేవారు అరుదు. అది 'క్రీస్తు చరిత్ర'.

ఈ దాటవేత మతిమరుపు వల్ల జరిగేది కాదు. కులం మీద కోపగించిన జాషువా మనవాడు. క్రీస్తును ప్రేమించి, ఆ ప్రేమను దాచుకోకుండా ఒక కావ్యమంత పొడవున చాటిన జాషువాతో ఏం చెయ్యాలో మనకు తెలియదు. అందుకని ఆ రెండో జాషువాను వృద్ధాప్యపు బలహీనతగానో, కవి సొంత వ్యవహారంగానో లెక్కగట్టి పక్కన పెట్టాము. నేను కూడా చాలా కాలం అట్లాగే పాఠం చెప్పాను.

రెండేళ్ళ క్రితం మా కళాశాల సాహిత్య సమావేశంలో ఒక విద్యార్థిని జాషువా మీద ప్రసంగించటానికి లేచి, అందరికీ ప్రభువు పేరిట వందనాలని మొదలు పెట్టింది. వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. "ఇది ప్రార్థన కూటం కాదమ్మా" అన్నాడొక విద్యార్థి. మంచివాడు, విద్యార్థి సంఘంలో నిజాయితీగా పనిచేసేవాడు. నేనూ చిరునవ్వు నవ్వాను. ఆమె ప్రసంగం పూర్తి చేసి కూర్చున్నది. తరువాతి సమావేశానికి రాలేదు, ఆ తరువాత కూడా రాలేదు. అంతకు ముందు నెల అదే గదిలో ఒక అతిథి మాకందరికీ విప్లవాభివందనాలు చెప్పి ఉపన్యాసం ఎత్తుకున్నప్పుడు ఎవరూ నవ్వలేదన్న సంగతి నాకు ఇంటికి పోయిన తరువాత గాని తట్టలేదు. మరొక సంగతి కూడా చెప్పాలి. ఆమె మాట్లాడింది 'క్రీస్తు చరిత్ర' మీద. ఆనాడు ఆ గదిలో ఆ కావ్యాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివిన మనిషి ఆమె ఒక్కతే.

మతం సొంత విషయం, దాన్ని ఇంట్లో పెట్టుకోవాలి, నలుగురిలో ప్రదర్శించకూడదు అని మనం అంటాము. మాట బాగానే వున్నది. కాని ఎవరి మతం ఇంట్లో వుంటున్నది? కచేరీల్లో ఆయుధపూజ జరుగుతుంది, కొత్త బస్సు ముందు కొబ్బరికాయ పగులుతుంది, శంకుస్థాపనకు పురోహితుడు వస్తాడు. దీన్నెవరూ మత ప్రదర్శన అనరు, ఆచారం అంటారు. పెద్ద సంఖ్యలో వున్నవారి విశ్వాసం గాలిలాగా అంతటా పరచుకొని వుంటుంది గనుక కంటికి కనిపించదు. ఆటో వెనక ఏసు బొమ్మ, గుమ్మం మీద బైబిలు వాక్యం, డిసెంబరులో వెదురుగడ కట్టి ఎత్తిన నక్షత్రం, ఇవి మాత్రం ప్రదర్శనలుగా కనిపిస్తాయి. తెల్లచీర కట్టి బైబిలు చంకన పెట్టుకొని ఆదివారం వీధి వెంట నడిచే కూలి స్త్రీని చూసి నొసలు చిట్లించేవాడు తన నుదుటి బొట్టును గురించి ఆలోచించడు. బొట్టు పెట్టని నాస్తిక మిత్రుడు కూడా ఈ తూకంలో తేడాను గుర్తించకపోవటమే నాకు విచారం కలిగిస్తుంది.

ఈ బాహాటపు విశ్వాసం తెలుగు దేశంలో ఎక్కడ నుంచి వచ్చిందో చూడాలంటే ఒంగోలు ప్రాంతానికి పోవాలి. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వర్తకుడు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన క్లౌ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య తన ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ తోళ్ళ బేరంతో పాటు ఈ కొత్త మాట కూడా మోసుకు తిరిగాడు. చేరినవారికి మిషన్ పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు.

మామూలు పాఠకుడికి ఇవి మతాచారాలు. మాదిగపల్లెలో నిలబడి చదివితే వీటి అర్థం వేరు. మాదిగకు వారాలు లేవు. మోట బొక్కెన చినిగితే కుట్టాలి, కోతలకు పిలిస్తే పోవాలి, ఆసామి గొడ్డు చస్తే ఈడ్చాలి, జాతరకు డప్పు కొట్టాలి. దీనికంతటికీ ప్రతిఫలం కళ్ళం దగ్గర కొలిచే నాలుగు గింజలు, చచ్చిన గొడ్డు. అట్లాంటి మనిషి ఒక ఉదయం లేచి, ఈ రోజు ఆదివారం, నేను రాను అన్నాడు. ఏడు రోజుల్లో ఒక రోజు తన శరీరం మీద ఆసామికి హక్కు లేదని చెప్పాడు. చచ్చిన గొడ్డును తిననన్నప్పుడు కూలిలో ఒక భాగాన్ని, ఆ భాగంతో పాటు వచ్చే అవమానాన్ని తిరస్కరించాడు. విగ్రహానికి మొక్కనన్నప్పుడు జాతరలో డప్పుకు మనిషి లేకుండా పోయాడు. దీన్ని మరొక సందర్భంలో అయితే మనం ఏమంటామో పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఊరి పెద్దలకు దీని అర్థం మన విమర్శకుల కంటె బాగా తెలిసింది. కరణాలు, మునసబులు కక్ష కట్టారు. నీళ్ళు బందు, పని బందు. క్లౌ జ్ఞాపకాలను ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ గ్రంథస్థం చేసి 1914లో ప్రకటించిన పుస్తకంలో ఈ వేధింపుల కథ వున్నది. మిషనరీ రాసుకున్నది గదా అని దాన్ని అనుమానంతోనే చదవాలి, చదివాను. దొరల సామ్రాజ్యం నీడన నడిచిన మిషన్ అది, అందులో సందేహం లేదు. కాని ఆదివారం పనికి పోనన్నది దొర కాదు. దెబ్బ తిన్నదీ దొర కాదు.

గంజి కోసం మతం మారారనే మాట కూడా తరచు వింటాము. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకొని పల్లెల వాళ్ళకు కూలి దొరికేటట్లు చేశాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. తిండి ఆశతో వచ్చారన్న మాట రాకూడదని. సహాయం పని ముగిసిన తరువాత, 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్క రోజున 2,222 మంది మునిగి లేచారు. (గంజి కోసమే మారారని అనుకుందాం. ఆకలిగొన్నవాడు గంజి పోసినవాడి వైపు పోవటం నేరమయితే, అంతకు ముందు తరతరాలుగా గంజి పోయనివాడిని ఏమనాలి?)

ఆ తరువాతి అధ్యాయం నైజాం ఇలాకాలోని దోర్నకల్లులో జరిగింది. 1912లో అక్కడ బిషప్పుగా అభిషిక్తుడయిన వి. ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. బాప్తిస్మం పొందినవారి చేత ఆయన ఒక ప్రమాణం చేయించేవాడు. చెయ్యి తన తల మీద తానే పెట్టుకొని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు గతి లేదు అన్న అర్థం వచ్చే మాట పలకాలి. ఆసామి ఎదురయితే పక్కకు ఒదిగి నోరు మూసుకోవలసినవాడికి నోరు తెరవటం విధిగా మారింది. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, సంతకు పోతూ చెప్పాలి. చదువు రానివాడు కూడా చెప్పాలి. ఏం చెప్పాడన్నది ఒక ప్రశ్న. వాడు చెప్పాడు, నలుగురు విన్నారు అన్నది చరిత్రలో అంతకంటె చిన్న సంగతేమీ కాదు.

ఇక పాట. పుట్టుకతో బ్రాహ్మణుడైన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో కర్ణాటక రాగాల్లో రాసిన కీర్తనలు పల్లెల్లోకి వచ్చి డోలకుతో, చప్పట్లతో వేరే జీవితం గడిపాయి. దానిని గురించి ప్రత్యేకంగా రాయవలసి వున్నది.

నేను ముఖ్యంగా చెప్పదలచింది 'సాక్ష్యం' సంగతి. ఆదివారం ఆరాధనలోనో ఉపవాస కూటంలోనో ఒక మనిషి లేచి తన జీవితం చెబుతుంది. నేను ఇట్లా వుండేదాన్ని, నాకు ఇది జరిగింది, ఇప్పుడు ఇట్లా వున్నాను. తాగి కొట్టే భర్త, చచ్చిపోయిన బిడ్డ, అప్పు, ఆస్పత్రి, ఒక రాత్రి, ఆ రాత్రి చేసిన ప్రార్థన. ఇది ఒక సాహిత్య ప్రక్రియ. దీనికి ఎత్తుగడ వున్నది, మలుపు వున్నది, ముగింపు వున్నది, వింటూ మధ్యలో స్తోత్రం అనే శ్రోతలున్నారు. చదువు లేని తెలుగు దళిత స్త్రీ తన కథను తన నోటితో, ఉత్తమ పురుషలో, నలుగురి ముందు నిలబడి చెప్పుకునే చోటు ఇంత విరివిగా మరొకటి నాకు కనిపించదు. మన పత్రికలు ఆత్మకథల మీద ఎన్నో వ్యాసాలు వేశాయి. సాక్ష్యం మీద ఒక్క వ్యాసం నా కంటబడలేదు. ఉద్యమ కార్యకర్తల జ్ఞాపకాలకూ, సాక్ష్యానికీ నిర్మాణంలో వున్న పోలికను ఎవరయినా పరిశీలిస్తే కొంత ఇబ్బంది, కొంత వినోదం కలుగుతాయి.

అయితే విమర్శ అన్న తరువాత మెచ్చుకొని ఊరుకోవటం కాదు. నేను విన్న సాక్ష్యాలలో తాగుడు పాపం, కొట్లాట పాపం, విగ్రహారాధన పాపం. కులం పాపమని ఒప్పుకున్న సాక్ష్యం నేను వినలేదు. ఒకే ఊళ్ళో మాలలకొక గుడి, మాదిగలకొక గుడి వున్న చోట్లు ఎన్ని లేవు! గుంటూరు ప్రాంతపు కమ్మ, రెడ్డి క్రైస్తవులు దళిత క్రైస్తవుడి ఇంట్లో పిల్లనిచ్చేది ఎంత అరుదు! ఆదివారం పనికి పోనన్న పేరయ్య మనుమల కాలానికి, దశమభాగం ఇస్తే వ్యాపారం పెరుగుతుందని మైకులో చెప్పే ప్రసంగీకుడు తయారయినాడు. పేరయ్య ఉత్సాహం ఆసామికి నష్టం తెచ్చింది. ఈ ప్రసంగీకుడి ఉత్సాహం ఎవరికి నష్టం తెస్తున్నది? ఈ ప్రశ్న మనం అడగాలి. కాని రెంటినీ ఒకే మూటలో కట్టి మత్తుమందు అని చీటీ అంటించటం మార్క్సు చదివినవారు చేయవలసిన పని కాదు. 1844 నాటి ఆ ప్రసిద్ధమైన పేరాలోనే, మత్తుమందు అనటానికి ముందు, మతం నిజమైన బాధకు వ్యక్తరూపమనీ ఆ బాధ మీద నిరసన కూడాననీ ఆయన అన్నాడు.

మూల్యం సంగతి ఇంకా తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన షెడ్యూల్డు కులాలవారిని బి.సి.-సి గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చారు. దీని ఫలితం ప్రతి అధ్యాపకుడికీ తెలుసు. హాజరు పట్టీలో ఒక పేరు, వాడలో మరొక పేరు. 2024 నవంబరులో పుదుచ్చేరి స్త్రీ ఒకామె కేసులో సుప్రీంకోర్టు, ఆమె బాప్తిస్మం పొంది క్రమం తప్పకుండా చర్చికి పోతున్నదన్న ఆధారాలతో ఆమె షెడ్యూల్డు కులపు కోరికను తోసివేసింది. 2025లో మతం మారిన ఒక పాస్టరుకు అట్రాసిటీల చట్టపు రక్షణ వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అంటే, నిత్యజీవితంలో విశ్వాసం ఎంత బాహాటంగా కనిపిస్తే సాక్ష్యం అంత బలపడుతుంది; కోర్టులో, ఆ మనిషికి వ్యతిరేకంగా. కొట్టేవాడు మాత్రం బాప్తిస్మ పత్రం అడిగి కొట్టడు. మా సమావేశంలో లేచి ప్రభువు పేరు చెప్పిన ఆ అమ్మాయికి ఈ లెక్క తెలియదనుకోవటం మన అమాయకత్వం.

ఈ వెలుగులో జాషువాను మళ్ళీ చూడాలి. 'గబ్బిలం'లో క్రైస్తవుడైన కవి తన నాయకుడి మొరను క్రీస్తుకు చెప్పించలేదు, శివుడికి చెప్పించాడు. కారణం స్పష్టమే. వినవలసినవారు శివుణ్ణి కొలిచేవారు. వారి దేవుడి ముందే వారిని నిలబెట్టాలి. ఆ కావ్యంలో కవి తన విశ్వాసాన్ని బయట వదిలి లోపలికి పోయాడు. ఆయన జీవితమంతా ఇట్లాంటి గుమ్మాల మధ్యనే గడిచింది. పురాణ కథల మీద పద్యాలు అల్లుతున్నాడని క్రైస్తవ పెద్దలు ముఖం చిట్లించారు; పద్యం అల్లినందుకు హిందూ పండితులు అంతకంటె ఎక్కువ చిట్లించారు. 1960లో ఆయన కుమార్తె హేమలత నాస్తికుడైన గోరా ఇంటి కోడలయింది. 'క్రీస్తు చరిత్ర'లో మాత్రం, ఎవరి దేవుడి పేరిటా మొర పెట్టుకోనక్కర లేకుండా, తన వాడి కథ తన భాషలో, తాను కష్టపడి సంపాదించుకున్న పద్యంలో చెప్పాడు.

కావ్యంగా అది 'గబ్బిలం'తో సరితూగదని నా అభిప్రాయం. 'గబ్బిలం'లో మాట్లాడేవాడికి ఎదుటివాడు వింటాడన్న నమ్మకం లేదు, ఆ అపనమ్మకం ప్రతి పద్యానికీ పదును పెట్టింది. 'క్రీస్తు చరిత్ర'లో కవికి సందేహం లేదు. ప్రేమించినవాడి కథ గనుక ఏదీ వదలబుద్ధి కాలేదు, అందువల్ల చాలా చోట్ల నడక మందగించింది. ఈ మాట ఆ విద్యార్థినితో అని చూడాలని వున్నది. ఆమె ఒప్పుకోదనుకుంటాను. పుస్తకం తెచ్చి, ఫలానా పద్యం చూడండి మాస్టారూ అంటుంది.