తీర్పులో న్యాయమూర్తి నేపథ్యానికి చోటెంత?

న్యాయపీఠం ఎక్కిన మనిషి తన పుట్టుకను, పెంపకాన్ని, మతాన్ని కోర్టు వాకిట వదలి రాలేడు. అట్లయితే వాటి ప్రభావం తీర్పులో ఎంతవరకు ఉండవచ్చును? అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 1978 నుండి 1987 వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 1985-86లో ఆయన పాల్గొన్న మూడు తీర్పులను పక్కపక్కన ఉంచి చదివితే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

మొదటిది కర్ణాటక రిజర్వేషన్లకు సంబంధించిన వసంతకుమార్ కేసు (మే 1985). రిజర్వేషన్లను ప్రతిభకూ పరిహారానికీ మధ్య పోరుగా చూడడం పైవర్గాల దృష్టి అన్నారు చిన్నపరెడ్డి. పేదరికమనే ఎడారిలో ఉన్నవారికీ, ఒయాసిస్సులో స్థిరపడి ఇతరులను రానీయనివారికీ మధ్యనే అసలు ఘర్షణ అని ఆయన వాదం. దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాలలో ఒకదానికి చెందిన వ్యక్తి నోట ఈ ఉపమానం సహజంగానే తోస్తుంది. కాని తీర్పు బలం ఉపమానంలో లేదు, రాజ్యాంగ అధికరణాల అన్వయంలో ఉంది. కరువు నెరిగినవాడు వాస్తవాన్ని త్వరగా పోల్చుకోవచ్చు. దానిని అందరికీ వర్తించే చట్టంతో నిరూపించక తప్పదు.

రెండవది జాతీయగీతం కేసు. గీతం వేళ గౌరవంగా నిలబడినా పాడలేదన్న కారణంతో, యెహోవా సాక్షుల వర్గానికి చెందిన ముగ్గురు పిల్లలను 1985లో కేరళలోని ఒక పాఠశాల నుండి తొలగించారు. 1986 ఆగస్టు 11న చిన్నపరెడ్డి వ్రాసిన తీర్పు వారిని తిరిగి చేర్చుకొమ్మన్నది. ఒక విశ్వాసం న్యాయమూర్తి బుద్ధికి నచ్చినదా కాదా అన్నది ప్రశ్న కాదు. విశ్వసించేవారు దానిని చిత్తశుద్ధితో పాటిస్తున్నారా అన్నదే ప్రశ్న. న్యాయమూర్తుల స్వంత అభిప్రాయాలు అప్రస్తుతమని ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది.

ఈ కొలబద్దతోనే 1985 ఏప్రిల్ 23 నాటి షాబానో తీర్పును కూడా చూడవలసి ఉంటుంది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ వ్రాసిన ఆ తీర్పుతో చిన్నపరెడ్డి ఏకీభవించారు. నేర విచారణా స్మృతిలోని 125వ సెక్షను మతంతో నిమిత్తం లేకుండా వర్తిస్తుందన్న నిర్ణయం వృద్ధ స్త్రీకి మనోవర్తి ఇప్పించడానికి చాలును. నిరాధారకు ఆధారం కల్పించడాన్ని న్యాయం కోరేవారెవరూ కాదనలేరు. అయితే ధర్మాసనం అక్కడ ఆగక ఖుర్ఆన్ వాక్యాలకు అర్థం చెప్పి, ఉమ్మడి పౌరస్మృతిని గూర్చి హితవు పలికింది. ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా ఆ వాక్యాల అర్థంపై వాదించిన మాట నిజమే. అయినా అవసరాన్ని మించిన ఆ వ్యాఖ్యల వల్ల స్త్రీ హక్కుపై జరుగవలసిన చర్చ న్యాయమూర్తుల మతంపై చర్చగా మారింది.

ధర్మాసనంలో ముస్లిం లేకపోవడమే లోపమన్న వాదన కూడా నిలువదు. 2017లో ట్రిపుల్ తలాఖ్ కేసును అయిదు మతాలకు చెందిన అయిదుగురు న్యాయమూర్తులు విన్నారు. సిక్కు అయిన ఖేహర్, ముస్లిం అయిన అబ్దుల్ నజీర్ ఒకవైపు నిలిచారు. ఆ తలాఖ్ ఖుర్ఆన్‌కు విరుద్ధమన్న ఆధారంతో దానిని త్రోసిపుచ్చినవారు క్రైస్తవుడైన కురియన్ జోసెఫ్. మతాన్ని చూసి తీర్పును ఊహించినవారు పొరబడి ఉండేవారు.

ఇస్లామీయ న్యాయ సంప్రదాయం ఖాజీని మానవాతీతుడిగా భావించలేదు. కోపంతో ఉన్నప్పుడు తీర్పు చెప్పరాదని హదీసు వారించింది. తమకూ తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా న్యాయానికే సాక్షులుగా నిలువవలెనని ఖుర్ఆన్ (4:135) ఆదేశించింది. ఒక జాతిపై ద్వేషం అన్యాయానికి పురికొల్పరాదని (5:8) హెచ్చరించింది. న్యాయమూర్తికి మమకారాలూ ద్వేషాలూ ఉంటాయన్న ఎరుకతోనే ఈ ఆజ్ఞలు వెలువడ్డాయి.

కనుక న్యాయమూర్తి నేపథ్యం ఎదుటివాని బాధను చూడడానికి కన్నుగా ఉపయోగపడవచ్చు; తూచే త్రాసు మాత్రం కారాదు. పిల్లల కేసులో పాటించిన నిగ్రహమే షాబానో కేసులోనూ పాటించి ఉంటే, ఆ వృద్ధురాలికి దక్కిన న్యాయం అంత వివాదంలో చిక్కుకునేది కాదు.